కాయకము – ఉద్యోగత్యాగము
(శ్రీ ఫ. గు. హళకట్టివారి జీవితము ఆధారముగా ఒక పాఠము)

కాయకమను మాట వీరశైవ కుటుంబములలో నిత్యము వినబడునదే. ఐనను ఆ మాటకు నేడు రెండు విపరీతార్థములు ప్రచారమునకు వచ్చినవి. చేతికి దొరకిన ఉద్యోగము ఎట్టిదైనను నోరెత్తక కడవఱకు చేయుచుండుటయే కాయకమని కొందఱందురు. ఉద్యోగము దాస్యము గనుక దానిని వదలి స్వతంత్రముగా ఏదేని పని పెట్టుకొన్నచో అదియే కాయకమని మఱికొందఱందురు. పదవీవిరమణ వఱకు కదలవద్దని కుమారునకు చెప్పు తండ్రి మొదటి అర్థమును పట్టుకొనును. రాజీనామాపత్రము జేబులో నుంచుకొని తిరుగు కుమారుడు రెండవ అర్థమును పట్టుకొనును. విశేషమేమనగా ఇరువురును బసవేశ్వరుని పేరే చెప్పుదురు.

ఈ వివాదము మాటలతో తేలునది కాదు. ఆచరించినవారి జీవితములను చూడవలెను. శరణుల చరిత్రములు ఒక వంక నున్నవి. మఱియొక వంక, మన కాలమునకు సమీపమున నున్న ఒక మహనీయుని జీవితము కలదు. ఆయన వచన పితామహుడని కన్నడ దేశము గౌరవించు శ్రీ ఫకీరప్ప గురుబసప్ప హళకట్టి. చక్కగా సాగుచున్న వకీలు వృత్తిని విడిచి, తాళపత్రములలో మ్రగ్గుచున్న శరణుల వచనములను వెలికి తెచ్చుటకై ఆస్తిని, ఆయుర్దాయమును ధారపోసినవారు. వారి కథ ఉత్సాహకరమైనదే. కాని అది సుఖకరమైనది మాత్రము కాదు. రెండును చెప్పినగాని పాఠము పూర్తి కాదు.

శరణుల తీర్పు

కాయమనగా శరీరము. కాయముతో చేయునది కాయకము. అనగా ఒకరి శ్రమఫలమును మఱియొకరు అనుభవించుట కాయకము కాదు. ఇది మొదటి నియమము. తన పోషణకు వలసినంత గ్రహించి, తక్కినది జంగమ దాసోహమునకు, అనగా సంఘమునకు, సమర్పించుట రెండవ నియమము. కాయకమునకు కైలాసముతో సామ్యము చెప్పిన ప్రసిద్ధ వాక్యమును బసవేశ్వరునిదిగా పలువురు ఉదాహరింతురు గాని, అది ఆయ్దక్కి మారయ్య వచనమునందలిది. ఆ మారయ్య ఎవరో, ఆయన పని యెట్టిదో తెలిసినగాని ఆ వాక్యము అర్థము కాదు.

మారయ్య కల్యాణమున నేలరాలిన బియ్యపు గింజలను ఏఱి తెచ్చి, ఆ బియ్యముతో దాసోహము నడపుచుండెను. ‘ఆయ్దక్కి’ యనగా ఏఱిన బియ్యమనియే అర్థము. ఒకనాడు ఆయన ఎప్పటికంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. భార్య లక్కమ్మ సంతోషింపలేదు. ఇంత యెందుకు తెచ్చితివి, ఆశ పుట్టినదా, మిగులును తీసికొనిపోయి తెచ్చినచోటనే పోసి రమ్మని త్రిప్పి పంపెను. రోజుకూలి చేయువారి యింట ఇల్లాలు ఇట్లనుట సామాన్యమైన సంగతి కాదు. ఇక్కడ గమనింపదగినది మఱియొకటి కలదు. సంపాదనలో ఎంత చాలునో నిర్ణయించినది భర్త కాదు, భార్య. ఈ సంగతి హళకట్టివారి కథలో మరల అవసరమగును.

నులియ చందయ్య గడ్డి కోసి, నారతో త్రాళ్ళు పేని, అమ్మి, వచ్చిన డబ్బుతో జంగమార్చన చేసెడివాడు. పని నడుమ ఇష్టలింగము జారి నీటిలో పడగా ఆయన కాయకము ఆపలేదనియు, లింగమే వెంట వచ్చి బ్రతిమాలినదనియు కథ. పూజకంటె పనియే మిన్న యని చెప్పుటకు ఈ కథను వాడుకొనుట తఱచు. నిజమున కథలోని బిగువు వేరుచోట నున్నది. చందయ్య ఎవరి కొలువునను లేడు. గడ్డి ఆయనదే, త్రాడు ఆయనదే, సంతలో వెల నిర్ణయించువాడును ఆయనయే. అందుచేతనే లింగమునకు కూడ సమాధానము చెప్పగల ధైర్యము ఆయనకు కలిగినది.

ఇక పూర్వస్థితిని విడిచి వచ్చినవారి మాట. మోళిగ మారయ్య కాశ్మీర ప్రాంతపు రాజనియు, రాజ్యము విడిచి భార్యతో కల్యాణమునకు వచ్చి, అడవిలో కట్టెలు కొట్టి మోపులు అమ్ముకొని జీవించెననియు పరంపర చెప్పుచున్నది. మోళిగ యనగా కట్టెలమోపు. సకలేశ మాదరసు కూడ రాజ్యత్యాగియే. కనుక పదవిని విడుచుట శరణ సంప్రదాయమునకు విరుద్ధము కాదు. అట్లని పదవిలో నుండుట దోషమనియు కాదు. బసవేశ్వరుడే బిజ్జలుని కొలువున కరణముగా చేరి, భాండారియై, దండనాయకుడై, పెక్కేండ్లు రాజోద్యోగము చేసెను. భాండారపు సొమ్ము జంగములకు పెట్టుచున్నాడని కొండెములు చెప్పినప్పుడు ధనము లెక్కింపగా లోటు కనబడలేదని పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున వర్ణించెను. అనగా ఉద్యోగములో నుండి లెక్క తప్పకుండుట కూడ కాయకమే.

ఆ ఉద్యోగమును కడకు బసవేశ్వరుడు విడిచెను. ఎప్పుడు? సంఘమునకు తాను చేయవలసిన పనియు, రాజునకు తాను చేయవలసిన పనియు ఒక చేతిలో ఇముడని దినము వచ్చినప్పుడు. అంతకు ముందు కాదు. హళకట్టివారి జీవితమును చదువునపుడు ఈ కొలత మనస్సునం దుంచుకొనవలెను.

విజాపురపు వకీలు

హళకట్టివారు 1880 జూలై 2వ తేదీన ధారవాడలో జన్మించిరి. నేతపని వారి కులవృత్తి. తండ్రి గురుబసప్ప ఉపాధ్యాయుడు, రచయిత. తల్లి చిన్ననాటనే గతించినది. ధారవాడలో చదువు ముగించి బొంబాయి సెంట్ జేవియర్ కళాశాలకు పోయిరి. అక్కడ గుజరాతీ, మరాఠీ విద్యార్థులు తమ భాషపై చూపు అభిమానమును, కన్నడిగుల ఉదాసీనతను పోల్చి చూచుకొని నొచ్చుకొనిరందురు. 1904లో న్యాయశాస్త్ర పరీక్షయం దుత్తీర్ణులై, మొదట బెళగావిలోను, పిమ్మట విజాపురములోను వకీలుగా స్థిరపడిరి. విజాపురము అనావృష్టికి పేరుపడిన జిల్లా. అచ్చట పేరున్న వకీలునకు రాబడి లోటు లేదు. వారు ప్రభుత్వ వకీలుగా కూడ పనిచేసిరి.

ఈ వకీలు కాలమును వృథాకాలముగా చెప్పువారు కలరు. అది పొరపాటు. 1910లో లింగాయత విద్యాభివృద్ధి సంస్థ విజాపురమున నెలకొన్నది వారి పూనికతోనే. 1912లో సిద్ధేశ్వర బ్యాంకు స్థాపింపబడినది. వడ్డీవ్యాపారుల చేతిలో నలుగుచున్న రైతులకును, చిన్న వర్తకులకును అది ఊతయైనది. చదువు, అప్పు – ఈ రెండింటికి దారి చూపినపిమ్మటనే వారు పుస్తకముల వైపు పూర్తిగా మరలిరి. సంఘసేవలో ఆకలి మొదటిది, అక్షరము రెండవది, ఆగమము మూడవది యని వారు క్రమము ఏర్పఱచుకొన్నట్లు తోచును.

ఐతే వచనములపై మనస్సు మఱలిన క్షణము అంతకు ముందటిదే. 1903 ప్రాంతమున రబకవి–బనహట్టి వైపు ఒక మిత్రుని యింట వారు తాళపత్ర గ్రంథములను చూచిరి. అంతవఱకు బసవాదుల పేర్లు తెలిసినవారే గాని వారి పలుకులు ఇంత విస్తారముగా, ఇంత సూటిగా నున్నవని పండితులలోనే చాలమందికి తెలియదు. ఆనాటినుండి కోర్టు లేని దినములలో ఊరూరు తిరిగి, మఠములను, గృహస్థుల యిండ్లను వెదకి, తాళపత్రములను చూచి వ్రాసికొనుట వారికి వ్యసనమైనది.

ఆ పని ఎంత కష్టమో ఎఱుగుటకు తాళపత్రమును చేత పట్టి చూడవలెను. ఘంటముతో గీచిన అక్షరమునకు స్వతః రంగు లేదు. మసి పూసి తుడిచినగాని గీత కనబడదు. పదమునకు పదమునకు నడుమ ఎడము లేదు. పద్యమైనచో ఛందస్సు ఆధారముగా తప్పు పట్టవచ్చును. వచనమున ఆ ఆధారము లేదు. లేఖకుడు ఒక పంక్తి విడిచినను, ఒక మాట మార్చినను, వేఱొక ప్రతి దొరకువఱకు తెలియదు. వచనము ఎవరిదో నిర్ణయించుటకు అంకిత మొకటే సాధనము. కూడలసంగమదేవా యనిన బసవేశ్వరుడు, గుహేశ్వరా యనిన అల్లమప్రభువు, చెన్నమల్లికార్జునా యనిన అక్కమహాదేవి. అమరేశ్వరలింగము మారయ్యది, నిఃకళంక మల్లికార్జునుడు మోళిగ మారయ్యది, చందేశ్వరలింగము నులియ చందయ్యది. అంకితము చెడిపోయినచో శరణుడు మాయమగును. ఎందఱు శరణుల పేర్లు ఇట్లు చెదలుపాలైనవో ఎవరికి తెలియును!

అంతకంటె పెద్ద కష్టము మఱియొకటి. చాలచోట్ల ఆ కట్టలు పూజామందిరమున నుండెడివి. విభూతి పూసి, పూవులు పెట్టి నమస్కరించెడివారు గాని, విప్పి చదువనిచ్చెడివారు కాదు. పూజ నెపమున తలుపులు మూసిన ఈ అలవాటు కన్నడ దేశమునకే పరిమితము కాదని తెలుగునాటి మఠములతో పరిచయమున్నవారికి తెలియును. వచనము వీధిలో పుట్టినది. చాకలి మాచయ్య, డోహర కక్కయ్య, కట్టెల మారయ్య పలికినది. అది పసుపుగుడ్డలో చుట్టబడి అటుకెక్కుట చూచి హళకట్టివారు నొచ్చుకొనుటలో ఆశ్చర్యమేమి?

కోర్టులో నేర్చిన విద్య ఇక్కడ వారికి అక్కఱకు వచ్చినది. సాక్షులు నలుగురు నాలుగు విధములుగా చెప్పినపుడు ఏది నిజమో తేల్చుట వకీలు పని. నాలుగు ప్రతులు నాలుగు పాఠములు చూపినపుడు ఏది మూలమో తేల్చుట పరిష్కర్త పని. రెండింటికి కావలసిన ఓర్పు, అనుమానము ఒకటియే. వృత్తి విడిచిన వారు వృత్తిలోని విద్యను కూడ విడిచి రానక్కఱలేదు.

అచ్చు కాని గ్రంథము

ఇరువది యేండ్ల శ్రమకు ఫలముగా ‘వచనశాస్త్రసారము’ సిద్ధమైనది. దానిని మంగళూరులోని బాసెల్ మిషన్ ముద్రణాలయమునకు పంపగా వారు అచ్చువేయక త్రిప్పి పంపిరి. కారణమును గూర్చి పలువురు పలువిధముల చెప్పుదురు. ఫలితము మాత్రము ఒక్కటే. చేతిలో గ్రంథమున్నది, వ్రాసిన చేయియున్నది, అచ్చుయంత్రము మాత్రము పరుల చేతిలో నున్నది. కడకు 1923లో బెళగావి మహావీర ముద్రణాలయమున మొదటి భాగము వెలువడినది. అంతకు ముందేడు, అనగా 1922లో, వచనముల ఆంగ్లానువాదములు ‘ఇండియన్ ఆంటిక్వరీ’ పత్రికయందు ప్రకటితమైనవి.

ఇక్కడ హళకట్టివారు చేసిన నిర్ణయము ఈ పాఠమునకు కేంద్రము. ఒక్క గ్రంథము అచ్చైనది. వకీలుగా నుండి, తీరిక దొరకినపుడు రెండవ గ్రంథము చూచుకొనవచ్చును. తొంబదితొమ్మిదిమంది చేయునదియు అదియే. అది తప్పును కాదు. కాని వారి యెదుట నున్నది ఒక గ్రంథము కాదు. ఊళ్ళ నిండ నున్న తాళపత్రములు. అవి చెదలకు తీరిక చూచి లొంగవు. వకీలు తీరికలో తేలు పని కాదది. 1925లో, స్వంత యిల్లు అమ్మిన సొమ్ముతో, వారు విజాపురమున ‘హితచింతక’ ముద్రణాలయమును నెలకొల్పిరి. 1926లో ‘శివానుభవ’మను పత్రికను త్రైమాసికముగా ప్రారంభించిరి. 1927లో ‘నవకర్ణాటక’మను వారపత్రికయు వెలువడినది. క్రమముగా వకీలు వృత్తి వెనుకబడి, తుదకు విడువబడినది.

అదే 1926లో బళ్ళారిలో జరిగిన కన్నడ సాహిత్య సమ్మేళనమునకు వారు అధ్యక్షులైరి. బళ్ళారి ఆనాడు మదరాసు రాజధానిలోనిది. తెలుగు, కన్నడములు రెండును వీధిలో వినబడు ఊరు. ఆ సంవత్సరముననే చెన్నపురి ఆంధ్రగ్రంథమాల పక్షమున వేటూరి ప్రభాకరశాస్త్రిగారి పీఠికతో సోమనాథుని బసవపురాణము వెలువడినది. ఆ సంవత్సరముననే హైదరాబాదులో, న్యాయశాస్త్రము చదివిన సురవరము ప్రతాపరెడ్డిగారు ‘గోలకొండ’ పత్రికను స్థాపించిరి. చుక్కల కూడలి యనదగిన సంవత్సరమది. సోమనాథుని తెలుగు పురాణమును ఆధారముగా గొని భీమకవి 1369లో కన్నడ బసవపురాణము రచించిన సంగతి తలచుకొన్నచో, ఈ రెండు భాషలవారి ఋణానుబంధము స్పష్టమగును.

ఆంధ్రగ్రంథమాలను నడపిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి దారి వేఱు. ఆయనయు పరుల సంస్థలో పనిచేసి, ఉద్యోగమును వదలినవారే. ఐతే మొదట 1893లో అమృతాంజనమను మందును ప్రవేశపెట్టి, వ్యాపారము నిలద్రొక్కుకొన్నపిమ్మట 1908లో ఆంధ్రపత్రికను, ఆపైన గ్రంథమాలను చేపట్టిరి. పత్రిక నష్టపడినను మందుసీసా ఆదుకొనెడిది. హళకట్టివారికి అట్టి సీసా లేదు. వారి ఆధారమంతయు చందాదారుల మాట మీదనే నిలిచినది.

అచ్చుపని బయటివారి కగపడునంత సుళువైనది కాదు. సీసపు అక్షరములు కొనవలెను; అరిగినచో మార్చవలెను. కంపోజిటరునకు నెలజీతము తప్పదు. ప్రూఫులు మూడుమార్లు చూడవలెను. తాళపత్రపు భాష ఎఱుగని కంపోజిటరు చేతిలో లక్కమ్మ యొక్క సూక్ష్మమైన మాట యేమి కావలెనో ఊహింపవచ్చును. కాగితము వెల యుద్ధము వచ్చినపుడెల్ల పెరుగును. సామాన్యముగా అచ్చుకూటములు పెండ్లిపత్రికలతోను, రసీదు పుస్తకములతోను బ్రతుకును, వచనములతో కాదు. వీటన్నిటిని భరించి హళకట్టివారు ‘శివానుభవ’మును ముప్పది యేండ్లకు పైగా నడపిరి. చందాలతో ఖర్చు తీరెడిది కాదు. అప్పులు పెరిగినవి. మునుపు కోర్టునకు గౌరవముగా పోయిన వకీలు, చినిగి కుట్టుకొన్న కోటు తొడిగి, సైకిలెక్కి అచ్చుకూటమునకు పోవుచుండుట విజాపురపు వారికి నిత్యదృశ్యమైనది. స్వంత యిల్లు పోయిన వారు అద్దె యిండ్లలో జీవించిరి.

ఇంటివారి మాట

ఇక్కడ పెద్దలు అడుగు ప్రశ్న న్యాయమైనదే. మహనీయుడు కోటు చినిగిన నేమి, కీర్తి మిగిలినది, ఇంటివారి మాటయేమి? భార్య భాగీరథీబాయి, పిల్లలు ఈ త్యాగమును కోరి చేసిరా? శరణులలో మారయ్యకు లక్కమ్మ గురువు వంటిది. మోళిగ మారయ్యతో రాణియు రాజ్యము విడిచి వచ్చి కట్టెలమోపు పంచుకొన్నది. ఉద్యోగత్యాగము ఒక్కరు చేయునది కాదు, ఇల్లంతయు చేయునది. జీతము వచ్చునపుడు అది ఒకరి పేర వచ్చును. ఆగినపుడు అందఱకు ఆగును. చరిత్రకారులు భర్త పేరనే పుటలు నింపుదురు గాని, అద్దె యింట అప్పులవారికి జవాబు చెప్పి, వచ్చిపోవు పండితులకు, జంగములకు అన్నము వండినవారి పుట ఒకటి ఖాళీగానే మిగులును. హళకట్టివారి జీవితమును ఉదాహరణముగా చూపి రాజీనామా వ్రాయు యువకుడు ముందుగా వంటయింటికి పోయి ఆ పుటను గూర్చి అడుగవలెను. అక్కడ సమ్మతి లేనిచో అది కాయకము కాజాలదు. లక్కమ్మ ధర్మమునకే అది విరుద్ధము.

అదే విధముగ, హళకట్టివారిని ఉదాహరించి కుమారుని భయపెట్టు తండ్రియు కొన్ని సంగతులు గమనింపవలెను. వారు ఒక ఉదయమున కోపముతో కోర్టు విడిచినవారు కాదు. 1903 నుండి 1923 వఱకు, ఇరువది యేండ్లు, రెండు పనులను కలిపి నడపిరి. వకీలు రాబడియే తాళపత్రముల వెదకుటకు దారిఖర్చు. చేయదలచిన పని తమకు చేతనగునో కాదో, దానికి నిజముగా అంత అవసరమున్నదో లేదో, మొదటి గ్రంథము వెలువడు నాటికి తేలిపోయినది. విడిచినది ఇష్టము లేని పని యగుటచేత కాదు. పట్టుకొన్నది మఱియొకరు పట్టుకొనకపోవుటచేత. ఈ రెండు కారణములకు గల భేదము సూక్ష్మమే గాని, అందే సర్వమున్నది. పై అధికారిపై అలిగి ఉద్యోగము విడిచినవాడు కొన్నాళ్ళకు తన పనియందు కూడ ఎవరిపైననో అలుగును.

మఱి సంఘము తన వంతు చేసినదా? ప్రభుత్వము వారికి బిరుదు నిచ్చినది. సభలవారు పూలమాలలు వేసిరి. 1956లో కర్ణాటక విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరేటు నిచ్చినది. బిరుదులు బియ్యము కావు. మాలలు వేసిన చేతులలో ఎన్ని ‘శివానుభవ’మునకు సకాలమున చందా పంపినవో విచారించినచో, వారి దారిద్ర్యములో సంఘమునకు గల వాటా తేలును. దాసోహమనిన జంగమునకు అన్నము పెట్టుట మాత్రమే యనుకొనుట మన వాడుక. సంఘము కొఱకు స్వతంత్రముగా పనిచేయువాని పనిని వెలయిచ్చి కొనుట కూడ దాసోహమే. కాయకము ఒంటికాలిపై నిలువదు. రెండవ కాలు దాసోహము. చేయువానికి మాత్రమే కాయకము బోధించి, కొనువానికి దాసోహము బోధింపక పోవుట ఈ కథయందలి లోపము. అది హళకట్టివారిది కాదు.

మిగిలినది

1964 జూన్ 29వ తేదీన హళకట్టివారు లింగైక్యులైరి. వారు పని ప్రారంభించునాటికి సుమారు ఏబదిమంది వచనకారుల పేర్లు మాత్రమే తెలిసియుండెను. వారి శ్రమవలన ఆ సంఖ్య రెండు వందలు దాటినది. బసవేశ్వరుడు, అల్లమప్రభువు, చెన్నబసవణ్ణ, అక్కమహాదేవి వంటి ప్రముఖులే గాక, త్రాళ్ళు పేనినవారును, వడ్లు దంచినవారును, పడవ నడపినవారును తమ తమ అంకితములతో మరల నిలిచి మాటలాడిరి. లక్కమ్మ భర్తను త్రిప్పి పంపిన కథను మాత్రమే గాక, ఆమె పలికిన పలుకులను కూడ నేడు చదువగలుగుట ఆ చినిగిన కోటు వేసికొన్నవారి చలవయే.

వారి తరువాత పలువురు పండితులు ఆ దారిని విస్తరించిరి. 1993లో కర్ణాటక ప్రభుత్వము సమగ్ర వచన సంపుటములను పదునైదింటిని వెలువరించినది. బెంగుళూరు బసవ సమితి వారు ఎన్నుకొన్న రెండువేల ఐదువందల వచనములను తెలుగుతో సహా పెక్కు భాషలలోనికి అనువదింపజేసిరి. 1910లో ప్రారంభమైన విజాపుర విద్యాసంస్థ నేడు వైద్య, ఇంజనీరింగు కళాశాలలను నడపుచున్నది. ఇంజనీరింగు కళాశాలకు వచనపితామహుని పేరే పెట్టిరి. ఆయన అమ్మిన యిల్లు మాత్రము తిరిగి రాలేదు.

తెలుగునాటి మఠములందును, పాత గృహములందును తాళపత్రపు కట్టలు ఇంకను కలవు. వాటిలో తెలుగు లిపిలోని కన్నడ వచనములు ఉండవచ్చును, కన్నడ లిపిలోని తెలుగు పద్యములును ఉండవచ్చును. రెండు లిపులును దగ్గరి చుట్టములే గనుక చూడగానే భేదము తోచదు. నేడు వాటిని తీసికొనిపోనక్కఱలేదు, చేతితో వ్రాసికొననక్కఱలేదు. ఉన్నచోటనే ఛాయాచిత్రము తీయవచ్చును. కట్టను విప్పునపుడు ఆకులు విఱుగకుండ ముందుగా నిమ్మగడ్డి నూనె పలుచగా అద్దుట, ఆకుల వరుస తప్పకుండ సంఖ్యలు గుర్తించుకొనుట, త్రాడును బిగించి కట్టకుండుట – ఈ మూడు జాగ్రత్తలు చాలును. చదువ వచ్చినవాడు మొదట వచనపు చివరి పంక్తి చూడవలెను. అంకితము అక్కడనే యుండును.